చేతులు రెండూ ఎత్తండి

తాడేపల్లిగూడెంలో పన్ను పీకించుకుని ఏలూరు బస్సెక్కాను. మత్తు ఇంజెక్షన్‌కి మూతి ఒక పక్కకి వంకరపోయి ఉంది. కండక్టరుకి ఊరి పేరు చెప్పబోతే మాట ముద్దగా వచ్చింది.

పక్క సీట్లోని పెద్దాయన చటుక్కున నావైపు తిరిగారు. "ఏవండీ, చేతులు రెండూ పైకెత్తండి," అన్నారు. ఆ గొంతులోని కంగారు చూసి, ఎందుకని అడక్కుండానే ఎత్తాను. రెండూ సమంగా లేచాయో లేదో చూశారు. "బస్సు ఆపించమంటారా?"

"పన్ను పీకించుకున్నానండీ," అని నోట్లో దూది చూపించాను.

ఆయన వెనక్కి వాలి కళ్లు తుడుచుకున్నారు. కలిదిండిలో చేపల చెరువులు చూసుకుంటారట.

"మా ఆవిడకీ ఇలాగే మూతి వంకరపోయిందండీ. చెయ్యి బరువుగా ఉందంది. నీరసమనుకుని కాసేపు పడుకోమన్నాను. నిద్రపోతోంది కదా అని సాయంత్రం దాకా లేపలేదు. మెదడులో రక్తం గడ్డకట్టి అడ్డుపడిందట. తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్నటి గొట్టం పైదాకా పంపి, ఆ గడ్డని బయటికి లాగేస్తారటండీ. పొద్దున్నే తెచ్చుంటే తీసేవాళ్లం అన్నారు డాక్టరుగారు."

"ఇప్పుడెలా ఉన్నారండీ?" అని అడిగాను.

"లేదండీ," అన్నారు.

ఏలూరు వచ్చింది. దిగేటప్పుడు, "ఏమీ అనుకోకండి, అందరి ముందూ మిమ్మల్ని కంగారుపెట్టాను," అన్నారు.

ఇది జరిగి నాలుగేళ్లయింది. మా ఆవిడ పగటిపూట నడుం వాల్చితే ఇప్పటికీ ఓసారి పేరు పెట్టి పిలుస్తాను.

"ఏంటండీ?" అంటుంది.

"ఏం లేదు, పడుకో," అంటాను.