నురగ రాని రోజు

సైన్సు టీచరమ్మకు పిల్లలు పెట్టుకున్న పేరు నురగ టీచరు. ఏటా రసాయన మార్పుల పాఠం వచ్చేసరికి ఆవిడ కొంగు నడుముకు దోపుకుని, కళ్లజోడు ముక్కు కొసకు జార్చుకుని, ఇంటి నుంచి తెచ్చిన వంటసోడాను గాజు గ్లాసులో వేసి, దాని మీద వెనిగర్ పోస్తుంది. నురగ బుసబుసా పొంగగానే అందరికంటే ముందు తనే ఓ అడుగు వెనక్కి గెంతుతుంది. ఇన్నేళ్లయినా ఆ గెంతు మానలేదు. పిల్లలకు నురగ కన్నా ఆ గెంతంటేనే ఇష్టం.

ఈసారి పాఠం చూడటానికి పెద్ద టీచరుగారు వచ్చి వెనక బెంచీలో కూర్చున్నారు. టీచరమ్మ వెనిగర్ పోసి, అలవాటుగా గెంతింది. గ్లాసులో మాత్రం ఉలుకూ పలుకూ లేదు. ఆవిడ ముఖం పాలిపోయింది. పొద్దున అత్తగారు వంటింటి డబ్బాలన్నీ కడిగి, సరుకులు మార్చి పోసిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

"నురగేది టీచర్?" అంది ముందు బెంచీ పిల్ల.

"ఈ పొడి ఏమిటో మీరే కనిపెట్టండి. నోట్లో మాత్రం వేసుకోకూడదు."

పిల్లలు ఇంకో చెంచాడు పొడిని నీళ్లలో కరిగించి, సన్నని మంట మీద ఇగరబెట్టారు. గిన్నె అడుగున తెల్లని పలుకులు మిగిలాయి. ఆ పిల్ల భూతద్దం పెట్టి చూసింది.

"చిన్న చిన్న పెట్టెల్లా ఉన్నాయి. ఉప్పే టీచర్. కరిగిపోయిందంతా మళ్లీ వచ్చేసింది."

"అయితే ఇది భౌతిక మార్పు" అంది టీచరమ్మ, ఊపిరి పీల్చుకుని.

"ఇవాళ్టి పాఠం రసాయన మార్పు కదండీ?" అన్నారు పెద్ద టీచరుగారు.

"అవునండీ. ఉప్పు ఒప్పుకోలేదు."

తరగతంతా పగలబడి నవ్వింది. పెద్ద టీచరుగారు నవ్వలేదు. లేచి వచ్చి, భూతద్దం అందుకుని, గిన్నె మీదికి వంగి చాలాసేపు చూశారు.

"రేపు సోడా తెండి. నాకు ముందు బెంచీలో చోటుంచండి."