డబ్బాలో తడిగుడ్డ

మా ఆఫీసులో అటెండరుగా పనిచేసి రిటైరైన పెద్దాయన పోయారు. గోరంట్ల నుంచి ఏదో సర్టిఫికెట్ కోసం వచ్చిన ఆయన అల్లుడు కాగితం నా బల్ల మీద పెడుతూ, "మామ పోయి ఇరవై దినాలైందమ్మా. నేను పోతే మేడమ్మకు చెప్పండని ముందే చెప్పినాడు," అన్నాడు. ప్రత్యేకంగా నాకే ఎందుకని అడగలేకపోయాను. అల్లుడికి తెలియని కారణం ఒకటి నాకు తెలుసు. అది చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఎనభైల మొదట్లో అనంతపురం చుట్టుపక్కల పేడగ్యాసు ప్లాంట్లు కట్టిస్తున్న రోజులు. కొందరు రైతులు ఆ గ్యాసుతోనే బావి మీది ఇంజన్లు నడిపేవారు. కుళ్ళిన గుడ్ల వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ అందులో ఎక్కువైతే ఇంజన్ని లోపల్లోపలే తినేస్తుంది. దాన్ని కొలవడానికి మా ఆఫీసుకు విదేశం నుంచి ఒక మిషను వచ్చింది. టిఫిను క్యారియరంత పెట్టె, పైన అంకెల మీద కదిలే ముల్లు, భుజానికి తోలు పట్టీ. యూనివర్సిటీలో చదివినదాన్ని కాబట్టి కొలిచే పని నాకిచ్చారు. మోయడం అటెండరుగా ఆయన వంతు.

దాని సంగతి ఆయనకు చెప్పింది నేనే. మిషను కొసన విప్పి బిగించే చిన్న గది, బొటనవేలంత. అందులో కాస్త ఆమ్లం, లోహపు రేకులు. ముందు సన్నని పొర. పొర దాటి వచ్చిన వాయువు ఆమ్లంలోని రేకు దగ్గర మార్పు చెంది పిసరంత కరెంటు పుట్టిస్తుంది. వాయువు ఎంతుంటే కరెంటు అంత, ముల్లు అంత లేస్తుంది. చిలమత్తూరు దారిలో జీపులో కూర్చుని ఆయన అంతా విన్నారు.

"అయితే ఇది ముక్కు గాదమ్మా, నాలిక. తడి లేకుంటే నాలిక్కి రుచి యాడ తెలుస్తాది?"

నవ్వాను. తర్వాత శిక్షణకు వచ్చిన పిల్లలకు ఆ మాట నా మాటలాగే చెప్పాను కూడా.

ఒక ఉదయం చూస్తే మిషను కొసనుండే ఆ చిన్న గది ఆయన పాత బిస్కెట్ల డబ్బాలో, తడిగుడ్డ పక్కన ఉంది.

"ఏమప్పా, ఇదేమన్నా తమలపాకుల కట్టనుకున్నావా?" అని అరిచాను.

"వక్క గూడా పెట్టప్పా, పండుతాది," అన్నారు ఆఫీసరు తన గదిలోంచి. అందరూ నవ్వారు.

"నమిలేటట్లుంటే పెడతా సార్," అని ఆయనా నవ్వి, నా వైపు తిరిగారు. "గుడ్డ దానికి తగల్లేదమ్మా, పక్కన పెట్టినా. మన గాలికి ఆకే సాయంత్రానికి ఎండిపోతాది. దాని కడుపులో నీళ్లుండాయని మీరే చెప్తిరి గదా."

కరెంటు వస్తువు పక్కన నీళ్లేమిటని గుడ్డ తీయించేశాను. ఆ గదిని నా బీరువాలో పెట్టి తాళం వేసుకున్నాను.

ఏప్రిల్ వచ్చేసరికి ముల్లు లేవడం మానేసింది. వాసనకు నిలబడలేని చోట కూడా సున్నాయే. ఆయన తడి తగిలించడం వల్లే పాడైందని నేను కాగితం రాసిచ్చాను. పైవాళ్లు ఆయన్ను సంజాయిషీ అడిగారు. "నీళ్లతో పాడు గాలేదు సార్, నీళ్లు లేక ఎండిపోయినాది," అన్నారట. ఎవరూ నమ్మలేదు. రిటైరవడానికి రెండేళ్ల ముందు, మోకాళ్లు పట్టేసిన భార్యను గోరంట్లలో వదిలి, జిల్లా ఆ కొసన ఉన్న గుమ్మఘట్టకు బదిలీ మీద వెళ్లారు. వెళ్తూ ఆ డబ్బా నా బల్ల మీద పెట్టారు.

మిషను పాడైందని నేను రాసిన ఉత్తరానికి ఆషాఢంలో కంపెనీ నుంచి జవాబొచ్చింది. పొడిగాలిలో లోపలి ద్రవం తగ్గిపోతుందట. మూత ఉన్న డబ్బాలో తడిగుడ్డ పక్కన ఉంచితే తేరుకోవచ్చట. ఆయన వదిలి వెళ్లిన డబ్బాలోనే అలా ఉంచాను. తొమ్మిదో రోజు ముల్లు లేచింది.

నా బల్ల నుంచి ఆఫీసరు గదికి పది అడుగులు. రేపు చూపిద్దాం అనుకున్నాను. కొన్నాళ్లకు, ఇన్నాళ్లు ఎందుకు దాచావంటారని భయం. ఉత్తరం నా సొరుగులోనే ఉండిపోయింది, ఆయన గుమ్మఘట్టలోనే ఉండిపోయారు. ఇన్నేళ్లకు, నిన్న ఆ ఉత్తరాన్ని ఆఫీసులో ఇచ్చాను, నకలు గోరంట్లకు పంపాను. ఇప్పుడు ఇవ్వడానికి ధైర్యమేమీ అక్కర్లేదు. అదీ నాకు తెలుసు.

నిజానికి ఆయనకే నేరుగా చెప్పే అవకాశం ఒకటి వచ్చింది. మరుసటి ఎండాకాలం మిషను తీసుకుని గుమ్మఘట్ట వెళ్లాను. ఆయన తన అద్దె గది అరుగు మీద కూర్చోబెట్టారు.

"ముల్లు లేస్తాందా అమ్మా?"

"లేస్తోంది."

"ఏం చేసినారు?"

నోటిదాకా వచ్చింది. "కంపెనీ మనిషి వచ్చి బాగుచేసి పోయినాడు," అన్నాను.

ఒడిలో ఉన్న నా సంచి అడుగున తడి మరక. లోపల ఆయన డబ్బాయే. జీపు కుదుపులకు మూత వదులై, గుడ్డలోని నీళ్లు అరుగు బండ మీద చుక్కలు చుక్కలుగా పడుతున్నాయి. ఆయన చుక్కల వైపు చూశారు. నా వైపు చూడలేదు. లేచి లోపలికి వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చారు. తాగడానికనుకుని చేయి చాచాను.

"ఈ తట్టు గాలి మరీ ఎండుగాలమ్మా. మీరు అనంతపురం చేరేలోపల ఆరిపోతాది," అంటూ ఆయన సంచి కోసం చేయి చాచారు.

డబ్బా తెరిచి, గుడ్డ తీసి, నీళ్లు పోసి, ఒక్కసారి పిండి, తన పాత మడతల్లోనే మళ్లీ సర్దారు. మూత పెట్టి, అరచేత్తో నాలుగు వైపులా నొక్కి, నా ఒడిలో పెట్టారు.