తలుపు మూస్తే పెరిగిన బీపీ

రిటైర్మెంటుకు రెండేళ్ల ముందు నన్ను మార్కాపురం ప్రాంతంలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రికి డిప్యూటీ సివిల్ సర్జన్‌గా వేశారు. మహిళల ఓపీ నా బాధ్యత.

ఒక సోమవారం కొనకనమిట్ల వైపు నుంచి ఓ తల్లి తన కూతురిని తీసుకొచ్చింది. ఆ అమ్మాయిని సుజాత అంటాను. అసలు పేరు అది కాదు. పొత్తికడుపులో నొప్పి, తలనొప్పి, నిద్ర లేదు. ఏం పనిచేసేదని అడిగితే, "బయటి ఊర్లో కుట్టుపనికి పోయింది మేడమ్, ఈమధ్యే వచ్చింది" అని తల్లే జవాబు చెప్పింది.

పద్ధతి ప్రకారం తలుపు మూయించి బీపీ చూశాను. నూట డెబ్భై, నూట పది. కడుపు పరీక్షకు బల్ల ఎక్కమంటే సుజాత ఒప్పుకోలేదు. బీపీ కాసేపాగి మరోసారి చూడాల్సింది. ఓపీ రద్దీలో చూడకుండానే బీపీ తగ్గడానికి మాత్రలు రాశాను.

వారం తిరక్కుండా ఆమె కందిచేలో కళ్లు తిరిగి పడిపోయింది. ఆటోలో తెస్తే, స్టాఫ్ నర్సు మేరీ వరండాలోనే బీపీ చూసింది. తొంభై, అరవై. మాత్రలు ఆపి సెలైన్ పెట్టాం. మర్నాడు వరండాలో మామూలుగా ఉన్న బీపీ, నా గదిలో తలుపు మూయగానే మళ్లీ ఎగిసింది.

"తలుపు తీసి చూద్దాం మేడమ్" అంది మేరీ.

తలుపు తీశాక సుజాతే మాట్లాడింది. "కుట్టుపనని పిల్చుకపోయినామె నన్ను అమ్మేసింది మేడమ్. రెండేండ్లు గదిలో పెట్టినారు. బయట గడియ తీసినారంటే ఎవుడో వచ్చి తలుపు మూసుకున్నట్టే. తలుపు సప్పుడైతే ఇప్పటికీ ఒళ్లంతా వణుకుతాది."

పోలీసులు విడిపించి ఇల్లు చేర్చారట. "నలుగురికీ తెలుస్తాదని నేనే చెప్పొద్దన్నా" అంటూ తల్లి మొహానికి కొంగు అడ్డం పెట్టుకుంది.

పడిపోవడానికి కారణం నేను రాసిన మాత్రలేనని సుజాతకు చెప్పాను. పరీక్ష ఎప్పుడు, ఎలా చేయాలో తననే చెప్పమన్నాను. మూడోసారి వచ్చినప్పుడు ఒప్పుకుంది. తలుపు బార్లా తీసి, తెర అడ్డం కట్టి, మేరీని గుమ్మంలో నిలబెట్టి పరీక్ష చేశాను. చాలాకాలంగా వైద్యం అందని గర్భాశయ ఇన్ఫెక్షన్. మందులతో నొప్పి తగ్గింది. నిద్ర కోసం మాత్రం ఒంగోలులో మానసిక వైద్యురాలి దగ్గరకు ఏడాది పైనే తిరిగింది. పూర్తిగా కుదుటపడలేదని చివరిసారి కలిసినప్పుడు తనే చెప్పింది.

అంతవరకు తలుపు మూయడం రోగికిచ్చే మర్యాద అనుకున్నాను. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, మూయమంటారా, తీసి ఉంచమంటారా అని ముందే అడిగాను. ఎక్కువమంది మూయమనేవారు. కొందరు వద్దనేవారు. అంతకుముందు నా సర్వీసులో అలాంటివాళ్లు ఎంతమంది నా బల్ల దాకా వచ్చి వెళ్లిపోయారో నాకు తెలియదు.