వడియాలు ఎండబెట్టిన ఆఫీసు గది

నా తెలివితేటలతో సింగపూర్ నుంచి మూటాముల్లె సర్దుకుని వెళ్లిపోయే పరిస్థితి తెచ్చుకున్న కథ ఇది. మీరు హాయిగా నవ్వుకోండి, నేనేమీ అనుకోను. అప్పుడు మాత్రం నాకు వారం రోజులు అన్నం సహించలేదు.

కంప్యూటర్ తెలిసినవాడికల్లా ఉద్యోగం దొరుకుతున్న రోజులవి. నేను సైన్స్ పార్కులో పనిచేస్తూ, మా ఆవిడ లలితతో టాంపినీస్‌లో అద్దె ఫ్లాట్‌లో ఉండేవాణ్ణి. సాయంత్రం ఇంటికొచ్చాక కూడా లండన్ క్లయింటు కోసం చిన్న గదిలో కంప్యూటర్ ముందు కూర్చోవాల్సిందే. ఆ సంగతి విని మా సీనియర్ రమణన్న క్యాంటీన్‌లో ఒక ఉపాయం చెప్పాడు.

“ఒరేయ్, ఆ గది అద్దె, కరెంటు ఆఫీసు ఖర్చని టాక్స్ ఫారంలో రాసెయ్యి.”

“ఉద్యోగస్తులకి ఒప్పుకుంటారా అన్నా?”

“పనికి తప్ప ఇంక దేనికీ వాడట్లేదని రాస్తే ఎందుకు ఒప్పుకోరు?”

రాసేశాను. నిజానికి ఆ గదిలో మా బియ్యం డబ్బా, సూట్‌కేసులు, లలిత చీరల బీరువా కూడా కాపురముంటున్నాయి.

నెల తిరక్కుండా టాక్స్ ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. గది ఫొటోలు పట్టుకుని స్వయంగా రమ్మన్నారు. కంగారు పడ్డాను. ఎందుకంటే అప్పుడే ఇద్దరం పీఆర్‌కి, అంటే సింగపూర్‌లో శాశ్వతంగా ఉండే అనుమతికి అప్లై చేసి ఎదురుచూస్తున్నాం. అబద్ధం రాశానని తేలితే ఇంక ఈ దేశంలో ఉండనిస్తారా?

ఆ ఆదివారం బియ్యం డబ్బా వంటింట్లోకి, సూట్‌కేసులు మంచం కిందకి పంపి, బీరువాని పక్కింటాయన సాయంతో హాల్లోకి నెట్టి ఫొటోలు తీశాను. నడుం పట్టేసింది.

“మీరు కంగారులో ఏదో వాగుతారు, నేనూ వస్తా,” అంది లలిత. వద్దంటే వినలేదు.

టాక్స్ ఆఫీసులో కళ్లజోడు పెట్టుకున్న ఒక చైనీస్ ఆవిడ ఫొటోలు నిదానంగా చూసింది.

“దిస్ రూమ్, ఓన్లీ ఫర్ వర్క్?”

“ఓన్లీ వర్క్, మేడమ్.”

ఆవిడ ఫొటో మీద వేలు పెట్టి, మాట చివర ‘ఆ’, ‘లా’ తగిలించే సింగపూర్ ఇంగ్లీషులో అడిగింది. “దెన్ దిస్ వైట్ వైట్ థింగ్స్ ఆన్ ద మానిటర్, వాట్ ఆ?”

చూద్దును కదా, గుమ్మడి వడియాలు! ఇక్కడ రోజూ వాన. అందుకని లలిత ఆ పెట్టెలాంటి పాతకాలం మానిటర్ నెత్తిన ప్లాస్టిక్ కవరు పరిచి ఆరబెడుతుంది. రోజూ చూసి చూసి నా కళ్లకి అవి మానిటర్‌తోపాటు కంపెనీ వాళ్లే బిగించి ఇచ్చినట్టు అలవాటైపోయాయి.

“కంప్యూటర్‌కి తేమ పట్టకుండా పెడతాం మేడమ్,” అన్నాను.

పక్కన లలిత కుర్చీలోంచి లేచింది. “రెండు రోజులు చేతులు మండేలా పచ్చిమిరపకాయలు నూరి పెడితే, తేమ పీల్చేవంటారా? నో మేడమ్! దిస్ ఈజ్ వడియం! ఫుడ్! ఎవ్రీ డే రెయిన్, మానిటర్ వెరీ హాట్, సో డ్రైయింగ్!”

ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుంది. “సో యువర్ వైఫ్ ఆల్సో వర్కింగ్ ఇన్ దిస్ రూమ్ లా.”

ఇక దాచేదేముంది? బియ్యం డబ్బాతో సహా అన్నీ ఒప్పేసుకున్నాను. పీఆర్ సంగతి అడిగాను. “దట్ వన్ నాట్ మై డిపార్ట్‌మెంట్,” అంటూ నా క్లెయిమ్ కొట్టేసి సంతకం పెట్టమంది. మళ్లీ ఇలా రాయొద్దని గట్టిగానే చెప్పింది. ఆ తర్వాత పీఆర్ ఉత్తరం వచ్చేదాకా పోస్టుబాక్స్ తెరవాలంటే చేతులాడేవి కావు. వచ్చింది లెండి.

టాక్స్ ఆఫీసుకి వెళ్లొచ్చిన మర్నాడే రమణన్న మీద విరుచుకుపడ్డాను. “నీకెలా ఒప్పుకున్నారన్నా?”

“నేనెప్పుడు రాశాన్రా? నీకు ఒప్పుకుంటే వచ్చే ఏడు రాద్దామనుకున్నా.”

ఆ సాయంత్రమే భీషణ ప్రతిజ్ఞ చేశాను. ఈ జన్మలో ఇంట్లో ఏ గదినీ ఆఫీసు అనను గాక అనను! మానిటర్ మీద చెయ్యి పెట్టి ఒట్టేద్దామనుకున్నాను గానీ, “ఆగండి, ఇంకా ఆరలేదు,” అని లలిత చెయ్యి తీయించేసింది.