చింతకాయ తొక్కు ఎవరికి చెప్పాలి

“సర్కారు కాగితం చేతుల ఉంటె మన తొక్కును ఎవడు ముట్టుకుంటడమ్మా?”

“ఆ కాగితం రావాల్నంటె ముందుగాల మనమేం రాసియ్యాలె?”

“ఏమేం వేస్తవో, ఎట్ల చేస్తవో. అంతే.”

“అంతేనా? ఇంక మిగిలేదేంది బిడ్డా, నా చీరెనా?”

తొంభైల నడుమ ఒక సాయంత్రం, మహబూబ్‌నగర్‌లో మా ఇంటి వసారాలో నాకూ నా కొడుకుకూ మధ్య నడిచిన మాటలివి. మేము చింతకాయ తొక్కు పెట్టి బజారులో అమ్మేవాళ్లం. పక్క దుకాణం వాళ్లు అలాంటిదే చేయాలని చూస్తున్నారు గానీ రుచి కుదరడం లేదు. కొడుకు భయపడి వకీలును అడిగి వచ్చాడు. పేటెంటు తీసుకుంటే కొన్నేళ్లు ఇంకెవరూ అట్లా చేయకూడదట. కానీ తయారీ అంతా రాసివ్వాలి, దాన్ని ఎవరైనా చదువుకోవచ్చు, గడువు తీరాక ఎవరైనా చేసుకోవచ్చు. లేదంటే గుట్టుగా ఉంచుకోవాలి. ఇంకొకరు సొంతంగా కనుక్కుంటే మాత్రం అడగడానికి లేదు.

నాకు గుట్టే నచ్చింది. దానికి ఖర్చు లేదు.

కాయలు దంచేది కూలికి వచ్చే ఆడవాళ్లు. మెంతులు వేయించి నూరేది మాత్రం నేనే, తలుపు వేసుకుని. వాటిలో ఏం కలపాలో మా అత్త నాకు చెప్పింది, నేను ఎవరికీ చెప్పలేదు. కూతురికి చెబితే దాని అత్తగారింటికి పోతుంది. కోడలికి చెబితే తల్లిగారింటికి పోతుంది, దాని అన్నకు అదే బజారులో కిరాణా దుకాణం ఉంది.

“రేపు నీకేమన్న అయితె తొక్కు నీతోనే పోతది. దుకాణం మూసుకోవాల్నా?” అన్నాడు కొడుకు.



బియ్యం ఏరుతున్న కోడలు తల ఎత్తకుండానే అంది: “నాకు చెప్తె మా అన్నకు చెప్తనని నీ ఫికరు. కాగితం మీద రాస్తె మా అన్న గూడ చదువుకుంటడు గద అత్తమ్మా. దేశమంత చదువుకుంటది, గీ ఇంట్ల నాకొక్కదానికే చెప్పొద్దా?”

కొడుకు నవ్వాడు. నేను నవ్వలేదు.

“రాళ్లు సరిగ చూడు,” అన్నాను.

“చూస్తనే ఉన్న.”

తెల్లారి కొడుకు వకీలు దగ్గరికి పోలేదు, నేనే వద్దన్నాను. కూలివాళ్లు రాకముందే కోడలిని పొయ్యి దగ్గర కూర్చోబెట్టి ఏం కలపాలో, ఎప్పుడు దించాలో చెప్పాను. అదేమిటో ఇక్కడ రాయను. మొదటి వాయి మాడ్చింది. మళ్లీ వేయించమన్నాను.