నబీ పెళ్ళి వ్యాను రెండుసార్లు వెనక్కి తిరిగిన సంగతి

జగ్గయ్యపేట లారీ బ్రోకరు నబీ మీద ఆయన భార్య జైబున్నీసాకు ఒకే ఒక్క అనుమానం. పెళ్ళి ఇష్టం లేకే ఈ మనిషి ఆ రోజు రెండుసార్లు వెనక్కి తిరిగాడని. ఆ అనుమానాన్ని పద్దెనిమిదేళ్ళు ఊరగాయ జాడీలా జాగ్రత్తగా కాపాడుకుంది. కూరలో ఉప్పు తగ్గిందని నబీ అన్నా సరే, "పెళ్ళికే రావాలని లేని మనిషికి ఉప్పెందుకండీ?" అనేది.

తప్పంతా నబీ పిసినారితనానిది. తొంభైలో సిమెంటు లారీలకు దారి కబుర్లు ఎస్టీడీ బూత్‌ల మీదే నడిచేవి. జగ్గయ్యపేట నందిగామకు, నందిగామ కంచికచర్లకు, ఎవరి పక్కూరికి వాళ్ళు ఫోను చేసేవాళ్ళు. మీటరు తిరుగుతుంటే నబీకి ప్రాణం తోడేసినట్టుండేది. అందుకని ఒక రూలు పెట్టాడు. ఫలానా ఊరికి ఎన్ని గంటలో చెప్పి ఫోను పెట్టెయ్యాలి. ఏ దారిన అని ఎవరూ అడగకూడదు, ఎవరూ చెప్పకూడదు. విన్నవాడు పక్కూరి దాకా పట్టే గంట కలుపుకుని బోర్డు మీద రాసుకోవాలి. ఈ తెలివికి నబీ తెగ మురిసిపోయేవాడు.

అదే ఏడాది వానాకాలంలో కంచికచర్ల జైబున్నీసాతో నిఖా కుదిరింది. తన కుర్చీలో గుమాస్తా స్తెఫనును కూర్చోబెట్టి, తలకు పూల సెహరా కట్టుకుని నబీ వ్యానెక్కాడు. నందిగామ చేరేసరికి ముందున్న వాగు పొంగి రోడ్డెక్కింది. కంచికచర్ల ఫోను చచ్చింది. నందిగామ బూత్ వరప్రసాదరావు రూలు తప్పని మనిషి. జగ్గయ్యపేటకు ఫోను కొట్టాడు.

"స్తెఫనూ, మీ దగ్గర్నుంచి కంచికచర్ల ఎన్ని గంటలోయ్?"

స్తెఫను బోర్డు చూశాడు. "రెండండి."

ఆ రెండు గంటలూ నందిగామ మీదుగా పోయే దారివే. కానీ ఆ మాట చెప్పడం రూలుకు విరుద్ధం. వరప్రసాదరావు ఒకటి కలిపి మూడు రాసుకుని, "జగ్గయ్యపేట నుంచి దారుందంట" అని వ్యానును వెనక్కి తోలాడు. తన మూడు గంటల సంగతి స్తెఫనుకూ చెప్పాడు. స్తెఫను ఒకటి కలిపి నాలుగు వేసుకున్నాడు. వ్యాను రాగానే, "నందిగామ నుంచి దారుందంట" అని మళ్ళీ పంపాడు. నందిగామలో నాలుగు కాస్తా ఐదైంది. వ్యాను మళ్ళీ వెనక్కి. సెహరా పూలు వాడిపోయాయి. చిన్నాన్న హారూన్ చల్లారిపోతున్న బిర్యానీని తలుచుకుని కన్నీళ్ళు పెట్టుకున్నాడు. నబీకి మాత్రం అనుమానమే రాలేదు. రూలు తనదాయె!

మూడోసారి నందిగామలో దిగేసరికి కంచికచర్ల ఫోను బాగై, బూత్ ఫోను మోగింది. సాక్షాత్తూ పెళ్ళికూతురే.

"వాగు ఎప్పుడో తగ్గిందండి, బస్సులు తిరుగుతున్నాయి. రావడం ఇష్టం లేకపోతే చెప్పేయండి, జనానికి భోజనాలు పెట్టేస్తా."

దీపాలు పెట్టాక నిఖా అయింది. దారుందన్నారని నబీ ఎంత మొత్తుకున్నా, "వెనక్కి పోతే కంచికచర్ల వస్తుందా?" అన్న ఒక్క ప్రశ్నతో ఆవిడ కొట్టిపారేసింది.

రెండువేల ఎనిమిదిలో కూతురు ఆసిఫా పాలిటెక్నిక్‌లో కంప్యూటర్లు చదువుతోంది. పరీక్షల ముందు ఒక సాయంత్రం, కంప్యూటర్ల మధ్య కబుర్లకు దారి చూపే రూటర్ల పాఠం పైకే చదివింది.

"ఈ పద్ధతిలో రూటర్ తన పక్క రూటర్లకు దూరం మాత్రమే చెబుతుంది, పూర్తి దారి చెప్పదు. ఒక లింకు తెగితే, రెండు రూటర్లు ఒకదాని పాత మాట ఇంకొకటి నమ్మి దూరం పెంచుకుంటూ పోతాయి. కబురు మోసుకెళ్ళే ప్యాకెట్ వాటి మధ్య అటూ ఇటూ తిరుగుతూ ఉంటుంది."

నబీ టీ గ్లాసు కింద పెట్టాడు. "ఆ ప్యాకెట్టు నేనే" అన్నాడు.

జైబున్నీసా కూరగాయలు తరగడం ఆపింది. "తర్వాతైనా వాటికి బుద్ధొచ్చిందా?"

"వచ్చిందమ్మా. ఇంకో పద్ధతుంది. ప్రతి రూటరూ తన పక్క లింకు ఉందో తెగిందో అంతవరకే చెప్తుంది, కాకపోతే అందరికీ చేరేలా చెప్తుంది. అవన్నీ కలిపి ఎవరి పటం వాళ్ళు గీసుకుంటారు."

"అది సరే. ఆ తిరిగే ప్యాకెట్టుకి... వెళ్ళాలనే ఉంటుందా?"

ఆసిఫా నవ్వింది. "దానికి వేరే పనేముందమ్మా? వెళ్ళడానికేగా బయల్దేరింది."

జైబున్నీసా కత్తిపీట పక్కకు నెట్టింది.

"పద్దెనిమిదేళ్ళుగా నేను మొత్తుకునేదీ అదేగా!" అన్నాడు నబీ.

"మీరు చెప్తే ఎవరు నమ్ముతారండీ" అంటూ ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుని, కూతురి పక్కకు జరిగి కూర్చుంది. "ఆ ముక్క మళ్ళీ చదవవే. మెల్లగా."