అత్త పారబోయని నీళ్ళు

ఎదురింటి అత్త పోయిందన్న కబురు నాకు పలాసలో, అంగన్‌వాడీ టీచర్ల నెలవారీ మీటింగులో ఉండగా తెలిసింది. మా ఊరి ఎస్టీడీ బూతు నుంచి ఆఫీసుకు ఫోను చేశారు. ఆ వేళకు మేడం గారు పౌష్టికాహారం గురించి చెబుతున్నారు. కూరలు ఉడికించిన నీళ్ళు పారబోయకూడదని, సారమంతా అందులోనే ఉంటుందని, ఆ సంగతి తల్లులకు చెప్పమని అంటున్నారు. ఆ ముక్క నేను పన్నెండేళ్ళుగా చెబుతూనే ఉన్నాను. వజ్రపుకొత్తూరు బస్సులో ఊరు చేరేదాకా నాకు ఏడుపు రాలేదు. చెవుల్లో ఆ మాటే తిరుగుతూ ఉంది.

అత్త నాకు చుట్టం కాదు. నేను ఈ ఊరికి కోడలిగా వచ్చిన కొత్తలో ఎదురింటి గుమ్మంలోంచి "ఏటే కోడలా, పొయ్యి ఎలిగించినావా?" అని పలకరించింది. అప్పటినుంచి ఆవిడ నాకు అత్త, వాళ్ళాయన మావ. మా ఆయనకు జీడిపప్పు ఫ్యాక్టరీలో పని ఒక నెల ఉండేది, ఒక నెల ఉండేది కాదు. నెలాఖరు వచ్చేసరికి డబ్బాలన్నీ అడుగంటేవి.

తక్కువలో బాగా తినడం అత్త దగ్గరే నేర్చుకున్నాను. సంత రోజున తెల్లారకుండానే సంచీ పట్టుకుని బయల్దేరే నన్ను ఆపి కూర్చోబెట్టేది. "అమ్మీవోల్లు మూటలు కట్టీటప్పుడు ఎల్లే. మల్లీ మోసుకెల్లడం ఆల్లకీ కట్టమే గదా" అనేది. నిజంగానే ఆ వేళకు వంకాయలు కుప్పలెక్కన ఇచ్చేసేవారు. పనస కాలంలో అందరూ పారేసే పిక్కలు కడిగి ఆరబెట్టి, ఇసుకలో దాచి, వానాకాలంలో కూర వండేది. అందులో ఇంత జీడిపప్పు నూక వేసి దించితే నేను అన్నం మారు అడిగేదాన్ని. చవగ్గా తింటున్నామన్న సిగ్గు ఆవిడ వంటలో ఎక్కడా ఉండేది కాదు. "సేతిలో డబ్బు నేదని నోటికి తెలీకూడదే కోడలా" అనేది.

అన్నిటికంటే ముఖ్యం నీళ్ళు. అత్త వంటింట్లో వంచిన నీళ్ళేవీ గుమ్మం దాటేవి కావు. గంజిలో ఉప్పు వేసి తాగేవారు. కూరలు ఉడికిన నీళ్ళలో ఇంత చింతపండు, మిరియాలు, వెల్లుల్లి వేసి చారు కాచేది. ఆ వాసన వీధి దాటి వస్తే నేను గిన్నె పట్టుకుని వెళ్ళిపోయేదాన్ని. నా కేంద్రంలో గోడకు తగిలించిన చార్టులో ఉన్నదంతా చార్టు చూడకుండానే చేసే మనిషి. తల్లుల మీటింగు పెట్టినప్పుడల్లా ఆవిడ పేరే చెప్పేదాన్ని.

ఇంతలో మావకు కిడ్నీ జబ్బని తేలింది. మా వైపు అది ఇంటింటా ఉన్న జబ్బే; ఆ మాట వింటే ఎందుకొచ్చిందని ఎవరూ అడగరు, ఎంత దూరం వచ్చిందని అడుగుతారు. విశాఖపట్నంలో రాసిచ్చిన పథ్యం కాగితం నేనే చదివి వినిపించాను. ఉప్పు తగ్గించాలి, ఎండుచేప వద్దు, కొబ్బరి వద్దు, పనస వద్దు. "మరేటి తినమంటారే, ఇసకా?" అంది అత్త. కూరలు ఎక్కువ నీళ్ళలో ఉడకబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, అప్పుడు వండాలన్న చోటు రెండుసార్లు చదివించుకుంది.

"పారబొయ్యాలా? సారమంతా అందులోనే ఉంటాదని నువ్వే గదే సెప్పినావు."

"ఆ సారమే మావకి పడదత్తా. కిడ్నీలు బాగున్నోల్లకి ఏటీ అవదు."

ఆ మాట అన్నది నేనే. ఇంకెవరో అన్నారని చెప్పుకోవడానికి కూడా లేదు.

మందులకీ ప్రయాణాలకీ వాళ్ళకున్న కొబ్బరి తోట సగం అమ్ముడుపోయింది. సరుకుల చీటీ వారం వారం పొట్టిదైపోయింది. అత్త ఏ ఆనపకాయో ఉడకబెట్టి, నీళ్ళు వంచి, ముక్కలు మావకు కూర వండేది. వంచిన నీళ్ళతో తాను చారు కాచుకుని ఆ చారన్నం తినేది. పూటపూటా అంతే. ఒక్క కూరతో రెండు కంచాలు గడుపుతోందని నేను మెచ్చుకున్నాను. పక్క ఊళ్ళో మీటింగు పెడితే అక్కడా చెప్పాను.

రెండేళ్ళు తిరిగేసరికి అత్త మొహం నిండుగా కనిపించసాగింది. ఎన్నడూ లేనిది బుగ్గలు వచ్చాయి. కాళ్ళ పట్టీలు బిగుసుకుంటున్నాయని తీసి దాచేసింది. ఒళ్ళు చేసిందని వీధిలో అందరం అనుకున్నాం. ఒకసారి నేను తల్లుల ముందు అత్తను నిలబెట్టి, "సూడండి, నీల్లు పారబొయ్యని మనిషి ఎలగుందో" అన్నాను. అందరూ నవ్వారు. అత్త కూడా నవ్వి, "నా బుగ్గల మీద బాగా పాటం సెప్తన్నావే కోడలా" అంది.

అది ఒంటికి పట్టిన తిండి కాదు, వాపు. కిడ్నీ రోగుల మధ్య పుట్టి పెరిగి, పిల్లల్ని తూచి కార్డుల్లో బరువులు రాసే నాకు వాపుకీ కండకీ తేడా తెలియలేదు. ఈ తప్పు ఎక్కడ దించుకోవాలో నాకు తెలియడం లేదు.

రక్తపరీక్షల క్యాంపు మా ఊరికి వచ్చిన రోజు అత్త వరుసలో నా ముందే ఉంది. తన వంతు వచ్చేసరికి పక్కకు తప్పుకుంది. "ఇంటికి ఒకలు సాలే. నాకూ ఉందని తేలితే ఆయనకి ఒండిపెట్టీదెవులు?" అంది. చెయ్యి పట్టుకుని లాగి కూర్చోబెట్టవలసింది. ఎండగా ఉందని, కేంద్రంలో పిల్లలు ఎదురు చూస్తున్నారని నా పరీక్ష చేయించుకుని వెళ్ళిపోయాను.

ఆవిడ సొమ్మసిల్లి పడిపోతే గాని విశాఖ తీసుకెళ్ళలేదు. అప్పటికి కిడ్నీలు రెండూ అయిపోయాయి. ఏం తింటున్నావని డాక్టరు అడిగితే అత్త దాచకుండా చెప్పింది. ఆయన నన్ను పక్కకు పిలిచి, జబ్బు ఆ నీళ్ళ వల్ల రాలేదని, ఎప్పటినుంచో ఉండి ఉంటుందని, నీళ్ళు దాన్ని తొందరపెట్టాయని అన్నాడు. నన్ను ఓదార్చడానికే అన్నాడనుకుంటాను. నాకు ఆ చివరి ముక్కే మిగిలింది.

డయాలసిస్‌కి కొన్నాళ్ళు వెళ్ళింది. తర్వాత ఎంత బతిమాలినా వెళ్ళలేదు. మంచం పట్టీ మీద తల పెట్టి నేను ఏడుస్తుంటే నా జుట్టు నిమిరి, "ఊరుకోయే. నువ్వేటి సేసినావు? ఆ ఆనపకాయ సారు బాగుండీది గదా" అంది. బాగుండేది. అదే నేను తట్టుకోలేకపోతున్నాను.

కార్యానికి హరిశ్చంద్రపురం నుంచి వచ్చిన వాళ్ళ కూతురు, అది అయిపోయాక మావను తనతో రమ్మంది. ఆయన ఇల్లు వదల్లేదు. ఆయనకు వండిపెట్టే పని నేను తీసుకున్నాను. మొదటి రోజు కంచం తీసుకెళ్తే ముట్టుకోలేదు.

"నీల్లేటి సేసినావు?" అన్నాడు.

"పారబోసేసినాను మావా."

"పోసిన సప్పుడు నాను ఇనలేదు."

అప్పటినుంచి ఆయన కూర వాళ్ళ పెరట్లోనే ఉడికిస్తున్నాను. మా ఇసుక నేలలో పోస్తే చప్పుడు కాకుండానే ఇంకిపోతాయి. అందుకని అత్త గిన్నెలు తోముకునే రాయి మీద పోస్తాను. ఆవిరి లేస్తుంది. ఉడికిన ఆనపకాయ వాసనకు నాకు ఇప్పటికీ ఆకలి వేస్తుంది, ఆ ఆకలికి సిగ్గు వేస్తుంది. గుమ్మంలో మావ ఒళ్ళో కంచం పెట్టుకుని, తల వంచుకుని వింటూ కూర్చుంటాడు. రాయి మీద చివరి చుక్క పడేదాకా కంచంలో చెయ్యి పెట్టడు.